ఏమీ అడగకూడని గుమ్మం

ఈ మధ్య కుర్ర పాస్టర్లు కొందరు మా ఇంటికి వచ్చి, శాసనసభ్యులతో పరిచయం ఎలా పెంచుకోవాలో చెప్పమని అడిగారు. వాళ్ళ దగ్గర శాలువాలున్నాయి, పూలగుత్తులున్నాయి, ఫొటో తీసేవాడు కూడా ఉన్నాడు. ఇవన్నీ ఉన్నాక ఇంక నేను చెప్పేదేముందన్నాను. వాళ్ళు నవ్వి, మీ రోజుల్లో ఎలా చేశారో చెప్పండన్నారు. మా రోజుల్లో భయపడుతూ చేశామని చెబితే, పెద్దాయన వినయం కొద్దీ అంటున్నాడనుకున్నారు. కాదు నాయనా. ఆ భయం ఎలాంటిదో కాఫీ తాగి లేచేలోపు చెప్పడం కుదరదు గనక రాస్తున్నాను.

పేర్లు రాయను. ఆ శాసనసభ్యుడు ఏ నియోజకవర్గం వాడో కూడా చెప్పను. పిల్లల చదువుల కోసం చోడవరంలో ఇల్లు తీసుకుని ఉండేవాడని మాత్రం తెలిస్తే చాలు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త. రాజధాని కర్నూలు. నన్ను చోడవరం సంఘానికి పాస్టరుగా వేసి ఏడాది కూడా కాలేదు. సంఘమంటే ఊళ్ళో చిన్న పెంకుటిల్లు, చుట్టుపక్కల పేటల్లో తాటాకు ప్రార్థన మందిరాలు కొన్ని, వాటి మధ్య తిరగడానికి నాకొక పాత సైకిలు. మా మీద అనకాపల్లిలో పెద్ద పాస్టరుగారు ఉండేవారు. పొడుగాటి మనిషి, తక్కువ మాట. ఆయనెదుట నిలబడితే చేయని తప్పులు కూడా గుర్తొచ్చేవి.

ఒకరోజు ఆయన మమ్మల్నందర్నీ పిలిచి, అధికారుల కోసం ప్రార్థించమని మనకు ఆజ్ఞ ఉంది, ఆదివారంనాడు గుళ్ళో ఓ మాట అనేసి ఊరుకుంటున్నాం, అది చాలదు అన్నారు. ఎవరి కోసం ప్రార్థిస్తున్నామో వాళ్ళ ఎదటికి వెళ్ళాలట. ఒక్కొక్క పాస్టరుకు ఒక్కొక్క శాసనసభ్యుణ్ణి అప్పజెప్పారు. వారానికోసారి వెళ్ళాలి. కూర్చోమంటే కూర్చోవాలి, ప్రార్థన చేయనిస్తే చేయాలి, లేదంటే దండం పెట్టి వచ్చేయాలి. నియమం ఒక్కటే, ఏమీ అడగకూడదు. పేటకి బావి అడగకూడదు, బడి అడగకూడదు, మనవాడికి బంట్రోతు ఉద్యోగం అడగకూడదు.

"ఒక్కసారి అడిగితే ఆ గుమ్మంలో నువ్వూ అందరిలాంటివాడివే. ఆ తర్వాత నీ ప్రార్థన కూడా అర్జీయే అవుతుంది" అన్నారు.

నా వంతుకు వచ్చిన మనిషి పేరు వినగానే, ఇంకెవరికైనా మార్చమని అడగబోయి మానుకున్నాను. మా నాన్న ఆయన కులం వాళ్ళ కళ్ళాల్లో పనిచేసినవాడు. వాళ్ళ ఇళ్ళ ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినవాడు. నేను బడి చదువూ, పాస్టరు చదువూ చదివి తెల్లకోటు వేసుకున్నానే గాని, నా కాళ్ళకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు వీధి చివరే సైకిలు దిగిపోయాను. అక్కణ్ణుంచి ఆ ఇంటి మెట్ల దాకా తోసుకుంటూ నడిచాను, దిగమని ఎవరూ అనకపోయినా.

వసారా నిండా జనం. అందరి చేతుల్లోనూ కాయితాలు. నా చేతులు ఖాళీ. ఆయన మనుషుల్లో ఒకడు వచ్చి ఏటి పని అని అడిగాడు. పనేమీ లేదు, బాబుగారి కోసం ప్రార్థన చేద్దామని వచ్చానన్నాను. వాడు నన్ను కిందికీ మీదికీ చూశాడు. పనిలేకుండా ఈ గుమ్మంలోకి ఎవడూ రాడు, అసలు సంగతి చెప్పమన్నాడు. చెప్పడానికి అసలు సంగతి లేకపోవడం ఎంత ప్రమాదమో ఆ రోజు తెలిసింది. మతంలో కలపడానికి వచ్చాడని ఒకడు, అవతలి పార్టీ వాళ్ళు పంపారని ఇంకొకడు గుసగుసలాడుకున్నారు. నేను చూరు కింద నిలబడి, కాసేపయ్యాక దండం పెట్టి వచ్చేశాను.

అలా చాలా వారాలు నిలబడ్డాను. నాకు కాఫీ ఇచ్చే గ్లాసు వేరే ఉండేది, చూరులో దోపి ఉంచేవారు. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. బాధగానే ఉండేది. ఆ బాధను కూడా భయమే మింగేసేది. గ్లాసు జారి పగిలితే ఏమంటారోనని రెండు చేతులతో పట్టుకునేవాణ్ణి. అది ఇత్తడి గ్లాసు.

ఒక రోజు ఆయన కర్నూలు ప్రయాణానికి సిద్ధమవుతూ, పన్ను పోటుతో బుగ్గకు గుడ్డ కట్టుకుని బయటికొచ్చాడు. నన్ను చూసి, ఇన్నాళ్ళుగా వస్తున్నావు, ఆ ప్రార్థనేదో ఈ పంటికి చెయ్యి, చూద్దాం అన్నాడు. చేశాను. కర్నూలు వెళ్ళొచ్చాక పోటు తగ్గిందని చెప్పి, బల్ల చూపించి కూర్చోమన్నాడు. పంటిని అనకాపల్లి స్టేషనులోనే ఎవరో పీకేశారని తర్వాత తెలిసింది. అయినా అప్పట్నుంచి ప్రయాణం ఉన్నప్పుడల్లా "ఆ నాలుగు మాటలూ అనీండి" అనేవాడు, గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టించినట్టే. ఈ సంగతి అనకాపల్లిలో మా పెద్దాయనతో చెబితే, అలా అనుకుంటే అనుకోనీ, నువ్వు వెళ్ళడం మానకు అన్నారు.

జనం లేనప్పుడు ఆయన నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. కర్నూల్లో గుడారాల్లో నడిచే సర్కారు కచేరీలు, దుమ్ము, అక్కడి వంట పడకపోవడం, ఇలాంటివే. ఒకసారి మాత్రం సూటిగా చూసి అన్నాడు:

"ఈ మెట్లెక్కినోళ్ళందరికీ ఏం గావాలో నాకు తెలుస్తాది పాస్టరుగారూ. మీకేం గావాలో తెలవడం నేదు. మిమ్మల్ని సూస్తే గాబరాగా ఉంటాది."

నన్ను చూసి ఒకడు గాబరాపడతాడని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇలా ఉండగా వడ్డాది వెళ్ళే దారిలో ఉన్న మా పేటకు కష్టం వచ్చింది. దానికి మొదలు నేనే. ఆదివారం విశ్రాంతి దినమని, పనిలోకి వెళ్ళకుండా ఆరాధనకు రమ్మని ఆ పేటలో గట్టిగా బోధించాను. వాళ్ళు నమ్మారు. నేను బోధించింది మాఘమాసంలో. అప్పుడు చెరుకు గానుగలు ఆడుతుంటాయి, బెల్లం పొయ్యిలు ఆరవు. ఆ పేట వాళ్ళంతా ఒకే ఆసామి గానుగ దగ్గర పనివాళ్ళు. ఒక ఆదివారం ఎవరూ రాకపోయేసరికి ఆడిన రసం ఆడినట్టే నిలిచి పులిసిపోయింది.

ఆ ఆసామి మన శాసనసభ్యుడి బావమరిది. చుట్టుపక్కల ఊళ్ళ ఓట్లు ఆయన చేతిలో ఉండేవి. ఆయన దయవల్లే బావ శాసనసభ్యుడయ్యాడని అందరికీ తెలుసు, అందరికంటే బావకు ఎక్కువ తెలుసు.

బావమరిది అరవలేదు. పేటకు వచ్చి, మా సంఘపెద్దను పిలిచి, ఈ జాగా తనదని, చెరుకు అయిపోయి గానుగ దించేసరికి మందిరంతో సహా పేట ఖాళీ చేయాలని మెత్తగా చెప్పాడట. మర్నాటి నుంచి బళ్ళ మీద ఎండిన చెరుకాకు తెచ్చి పేట వెనకాల పోయించడం మొదలుపెట్టాడు. అక్కడ ఎవరూ ఎన్నడూ ఆకు పోసింది లేదు. అటుగా వెళ్ళినప్పుడల్లా మా వాళ్ళతో ఒకటే మాట అనేవాడు. "తాటాకిళ్ళు. నిప్పు జాగర్త."

నేను సైకిలు మీద ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆ కుప్ప పెరుగుతూ కనిపించేది. మొదట మనిషెత్తు, తర్వాత మందిరం చూరెత్తు. తల్లులు సాయంత్రం పొయ్యిలు వెలిగించడానికి భయపడి, మధ్యాహ్నమే వండేసి నీళ్ళు చల్లేసేవారు. పిల్లలు కుప్ప వైపు వెళ్ళకుండా ముసలమ్మలు వంతులు వేసుకుని కూర్చునేవారు. గాలి అటునుంచి ఇటు తిరిగితే చాలు, మాట్లాడుతున్నవాళ్ళు మాట ఆపేసి వాసన చూసేవారు. నేనూ చూసేవాణ్ణి. ఆదివారం గురించి నేను చెప్పిన మాట ఇంత దూరం వస్తుందని తెలిస్తే చెప్పేవాణ్ణా?

సంఘపెద్ద అంటే ఏదో అనుకునేరు. గానుగ దగ్గర పెనం కింద మంట చూసే ముసలి పనివాడు. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆయన ఒకరోజు నా సైకిలు హేండిలు పట్టుకుని ఆపాడు.

"అయ్యగారూ, వారవారం ఆ బాబు ఇంటికి ఎల్తన్నారు గదా. ఒక్క మాట సెప్పడానికేటి?"

నియమం చెప్పాను. ఆయన నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు తట్టుకోలేక ఆ రోజే బస్సెక్కి అనకాపల్లి వెళ్ళాను. అడగడానికి అనుమతి ఇమ్మని పెద్దాయన కాళ్ళ మీద పడినంత పని చేశాను. ఆయన తనకూ భయంగానే ఉందన్నారు. అయినా అడగొద్దన్నారు. మనం అడిగితే ఆయన బావమరిదికీ మనకీ మధ్య బేరం పెడతాడు, బేరంలో ఎప్పుడూ ఓడేది మనమే అన్నారు. బయటికి వచ్చాక ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆయన ఇల్లు పెంకుటిల్లు కదా అనుకున్నాను.

గానుగలు దించే రోజులు వచ్చేశాయి. ఆ వారం నేను శాసనసభ్యుడి ఇంటికి బయల్దేరుతుంటే సంఘపెద్ద ఉతికిన పంచె కట్టుకుని మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తనూ వస్తానన్నాడు. వద్దనలేకపోయాను. దారి పొడుగునా ఒకటే చెప్పాను, అక్కడ నోరు విప్పొద్దని. ఆయన తలూపుతూ నడిచాడు.

వసారాలో ఆ ఉదయం జనం తక్కువ. శాసనసభ్యుడు మర్నాడు కర్నూలు వెళ్ళాలి. పక్కనే పడక కుర్చీలో బావమరిది. ఆయన్ని అక్కడ చూస్తానని నేననుకోలేదు. బావమరిది మా సంఘపెద్దను చూసి, ఏమీ ఎరగనట్టు, పేటలో అందరూ కులాసాయేనా అని అడిగాడు. సంఘపెద్ద దండం పెట్టి మెట్ల కింద నేల మీద కూర్చున్నాడు. శాసనసభ్యుడు ఎవరి వైపూ చూడకుండా, ఎప్పటిలాగే ఆ నాలుగు మాటలూ కానీమన్నాడు.

నేను లేచి కళ్ళు మూసుకున్నాను. ప్రయాణం సుఖంగా జరగాలనే మాట, అన్నిసార్లు అన్న మాట, పైకి రాలేదు. అలా ఎంతసేపు నిలబడ్డానో, మెట్ల కిందినుంచి సంఘపెద్ద గొంతు వినిపించింది.

మా పేటల్లో ప్రార్థన ఎలా చేస్తారో మీకు చెప్పాలి. డొంకతిరుగుడుగా చెప్పరు. ఎవరింట్లో ఏం జరిగింది, ఎవరు ఎవరిని ఏమన్నారు, ఆవు ఎందుకు పాలివ్వడం లేదు, అన్నీ పేరుపేరునా దేవుడికి చెప్పేస్తారు. తనవాళ్ళ మధ్య అది ప్రేమ. ఆ వసారాలో అది ఏమవుతుందో ఆయనకు తట్టలేదు. దేవుడితో మాట్లాడుతున్నప్పుడు నోరు విప్పినట్టు కాదని ఆయన లెక్క.

"పెబువా, నీకు తెలీందేటి. మా పేట ఎనకాల చెరుకాకు పోయించేరు. ఎందుకు పోయించేరో నీకూ తెలుసు, ఆ బాబుకీ తెలుసు. ఆ బాబు ఇక్కడే కుర్చీలో కూకున్నాడు. మావు ఆదోరం పన్లోకి రానేదని కోపం. రసం పులిసిపోనాది తండ్రీ, అది అబద్దం కాదు, ఆ నట్టం నిజవే. ఆ బాబుని మన్నించు. ఆ సేత్తో అగ్గి ముట్టించనీకు. మా పిల్లలు అందులో..."

"ఆమెన్!" అని అరిచాను.

పాస్టరు ఆమెన్ అంటే ఎక్కడున్న ప్రార్థన అక్కడ ఆగిపోవాలి. అది మా పద్ధతి. సంఘపెద్ద మాట మధ్యలో ఆగిపోయాడు. కళ్ళు తెరిచాను. బావమరిది కుర్చీలోంచి ముందుకు వంగి ఉన్నాడు. ఇప్పుడే ఇక్కడే ఈ ముసలాయన్ని కొడతారు, తర్వాత నన్ను, సాయంత్రానికి పేట ఉండదు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పేటలో చిన్నపిల్లలున్న ఇళ్ళు ఒక్కొక్కటీ కళ్ళ ముందుకు వచ్చాయి.

శాసనసభ్యుడు చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

"అవనేదు గదా. సెప్పనీండి" అన్నాడు.

సంఘపెద్ద ఆగిన మాట నుంచే అందుకుని, పిల్లలు సరిగా తిండి తినడం లేదని, ముసలాళ్ళు కుప్ప దగ్గర కాపలా కూర్చుంటున్నారని, ఆదివారాలు రాకపోయినా మిగతా రోజుల్లో పొద్దెక్కకముందే పనికొస్తామని, అన్నీ దేవుడికి విన్నవించి తానే ఆమెన్ చెప్పుకున్నాడు. శాసనసభ్యుడు ఆయన్ని అడిగాడు, నా గురించి కూడా ఇలాగే చెబుతారా అని. చెబుతాం, పేటలో రోజూ చెబుతాం అన్నాడీయన.

"ఏటని?"

సంఘపెద్ద నా వైపు చూశాడు. చెప్పొద్దని తల అడ్డంగా ఊపాను. ఆయనకు దేవుడితో ఒకటీ మనుషులతో ఒకటీ చెప్పడం రాదు.

"ఈ బాబు మంచోడు తండ్రీ, కానీ బయస్తుడు. బావమరిదంటే బయం. కూసింత దైర్నం ఇయ్యి అని సెప్తన్నాం బాబూ."

నేను బల్ల మీద కూలబడ్డాను. శాసనసభ్యుడి మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. లేస్తాడనుకున్నాను, లేవలేదు. కండువా కొస వేళ్ళకు చుట్టుకుంటూ నేలకేసి చూస్తూ అన్నాడు:

"ఒరే, ఆ ఆకు తీయించు."

బావమరిది నవ్వాడు. ఈ మాట బాగా ఆలోచించుకుని అంటున్నావా బావా అని అడిగాడు. శాసనసభ్యుడి గొంతు వణికింది, అందరికీ వినబడేటట్టే వణికింది. అయినా, సాయంత్రానికి తీయించమని, తానే వచ్చి చూస్తానని అన్నాడు. బావమరిది మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ సంఘపెద్ద దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నమంత పొడుగు మధ్యాహ్నం నా సర్వీసులో మరొకటి లేదు. పేటలో సామానంతా బయటికి తెచ్చి దారికి అవతల పెట్టుకున్నారు. పిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్ళు చింతచెట్ల కింద కూర్చున్నారు. బావమరిది మనుషులు బళ్ళతో వస్తారా, కాగడాలతో వస్తారా, ఎవరికీ తెలియదు. పొద్దు వాలుతుండగా బళ్ళు కనిపించాయి. ఖాళీ బళ్ళే. అయినా ఎవరూ సామాను లోపలికి తేలేదు. దిగినవాళ్ళలో ఒకడు కుప్ప పక్కన నిలబడి చుట్ట నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. ఆ చప్పుడుకు పేటంతా ఒక్కసారి లేచి నిలబడింది.

"ఆర్పీరా" అని వెనకనుంచి వినిపించింది. శాసనసభ్యుడు వచ్చాడు. అనుచరులెవరూ లేరు, ఒక్కడే. వాడు పుల్ల ఆర్పేసి, చుట్ట చెవి మీద పెట్టుకున్నాడు. గట్టు మీద కాస్త దూరంలో బావమరిది నిలబడి ఉన్నాడు. చివరి బండి కదిలేదాకా ఆయన అక్కణ్ణుంచి దిగలేదు, శాసనసభ్యుడు మా మందిరం గుమ్మం వదల్లేదు. నేను ఈయన పక్కన నిలబడ్డాను. ఆయన కాళ్ళు నా కాళ్ళలాగే వణుకుతున్నాయి. ఇన్నాళ్ళూ ఈ మనిషికా నేను భయపడ్డానని జాలేసింది, ఆయన మీదో నా మీదో.

ఆ సంగతి చెప్పినప్పుడు మా పెద్దాయన మొదట అడిగింది, మీరేమైనా అడిగారా అని. లేదండీ, దేవుణ్ణే అడిగాం, కాకపోతే కాస్త గట్టిగా అడిగాం అన్నాను. ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే. ఆయన నియమం మంచిదా కాదా అని మీరు నన్నడిగితే రెండు మాటలు చెబుతాను. వారవారం ఊరికే వెళ్ళి కూర్చోకపోయుంటే ఆ ఉదయం మమ్మల్ని చెప్పనిచ్చేవాడు కాదు. అది నిజం. గాలి ఒక్కరోజు ఎదురు తిరిగుంటే ఆ నియమం పిల్లల్ని మింగేసేది. అదీ నిజమే.

తర్వాత వచ్చిన ఎన్నికల్లో బావమరిది చేతిలో ఉన్న ఓట్లు శాసనసభ్యుడికి పడలేదు. ఓడిపోయాడు. ఆ వారం కూడా నేను వెళ్ళాను, సంఘపెద్ద కూడా వచ్చాడు. వసారాలో ఒక్క మనిషి లేడు, ఒక్క కాయితం లేదు. ఆయనే బయటికొచ్చి ఇద్దరికీ బల్ల చూపించాడు. ఇద్దరికీ ఇంట్లో గ్లాసులతోనే కాఫీ వచ్చింది. ఆ తర్వాత ఆయన, పదవి పోయింది గదా, ఇంకా నా పేరు చెబుతున్నారా అని సంఘపెద్దను అడిగాడు.

"సెప్తన్నాం బాబూ. దైర్నం ఇయ్యమనడం మాత్రం మానేసేం, మీకిచ్చీసేడు గదా. ఇప్పుడది మా అయ్యగారికి అడుగుతన్నాం."

ఆయన కళ్ళ నీళ్ళు తిరిగేలా నవ్వాడు. నేను నవ్వలేదు. ఇంకొన్నాళ్ళు అడగమని చెప్పాను.